పైమన్ను ఒలిచిన పేరాంబ కథ

దీపమున చమురు నిండుగా పోసి, పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని వినుడు.

పూర్వము శాద్వలుడను ముని సుక్షేత్ర మహామునిని సేవించి, "స్వామీ! పచ్చిక వేయగోరువారు, పూలమడి పెట్టగోరువారు పైమన్ను తేవలెనా, మాగిన యెరువు వేయవలెనా? ఏది చేసిన భూదేవి సంతసించును?" అని అడిగెను. సుక్షేత్రుడు నిట్టూర్చి, "నాయనా, ప్రశ్న మంచిదే గాని కథ సంతోషమైనది కాదు. పేరాంబ గతి వినుము" అని చెప్పదొడగెను.

నాగావళీ తీరమున కొమ్మన యను కాపు కలడు. అతని ఇల్లాలు పేరాంబ. ఆ యింట అత్తల నాటినుండి ధరణీ నోము కలదు. పెరట గరికమడి, పూలమడి పెంచి వానితో భూదేవిని కొలిచెదరు. పల్లమైన చోట మన్ను పోయవలెను. మన్ను ఉన్నను సత్తువ చచ్చిన చోట మాగిన యెరువు కలుపవలెను. చేనిమన్ను తట్టెడు తీసినచో తట్టెడు మాగిన యెరువు చేనికి బదులిడక పూజకు కూర్చుండరాదు. ఇది నియమము.

అత్త గతించిన యేడు పెరటిమన్ను సత్తువ చచ్చి గరిక పండుబారెను. ఎరువు కలిపిన చాలును గాని దిబ్బలోని పెంట ఇంకను మాగలేదు. పొరుగింటి మాచాంబ మడి పచ్చగా నుండుట చూచి పేరాంబకు కడుపు రగిలెను. మాగువరకు ఎవరు కాచుకొందురని తలచి, కొమ్మన చుట్టాల ఊరికి పోయిన వేళ కూలివాండ్రను పెట్టి, రాగులు పండు చోడిచేని పైమన్ను జానెడు లోతున గీకించి పెరట పోయించెను. చేనికి గుప్పెడు ఎరువైనను బదులిడదాయెను. గరిక దట్టముగ లేచెను. ముత్తైదువలు వచ్చి మెచ్చిరి. పైన పటారము, లోన లొటారము!

కొమ్మన తిరిగివచ్చి చేనిగట్టున నిలిచి, "పైమన్ను చేనికి చర్మము కాదటే! తోలు ఒలిచి పెరటికి కప్పితివా?" అనెను. గుద్దలి భుజమున వేసుకొని చేనిలోనికి దిగెను. తిట్టినను బాగుండునని పేరాంబ ఏడ్చెను.

ఆ యేడు చోడి మొలకలోనే మాడెను. గాదె అడుగంటెను. పేరాంబ బెదరి, చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు, కొట్టములోని పచ్చిపెంటనే చేనంతయు చల్లించెను. మాగని పెంట వేడికి మరుసటి పైరు వేళ్లు కమిలెను. ఎద్దులను అమ్ముకొనిరి. కొమ్మన రాయివలె బిగిసిన అడుగుమన్నును గుద్దలితో త్రవ్వి త్రవ్వి, వడదెబ్బ తగిలి మంచము పట్టెను. ప్రాణము పోవువేళ, "చేను పచ్చబడెనా?" అని అడిగెను. బీడు కన్నుల ముందుండగా పేరాంబ, "పచ్చబడింది మావా" అని బొంకెను. అతడా మాట నమ్మి కన్నుమూసెను.

పేరాంబ చేనిలో పడి పొరలి ఏడ్వగా, భూదేవి ముత్తైదువ రూపున వచ్చి నియమమును మరల తెలిపెను. పేరాంబ పెరటిమన్నును తట్టలతో చేనికి తిరిగి మోసెను. ఆకు, పేడ, బూడిద గోతిలో పొరలుగ వేసి, నీరు చిలకరించి, తిరుగవేసి, కంపు పోయి నల్లని పొడియగువరకు ఓర్చి కాచుకొనెను. దానిని చేనిమన్నుతో కలిపెను. ఏటేట అట్లే చేసెను. వానపాములు వచ్చెను. చోడివెన్నులు బరువుతో వంగెను. గాదెలు నిండెను.

అంతట దేవి మరల ప్రత్యక్షము కాగా పేరాంబ ఆమె పాదములపై పడి భర్తనిమ్మని వేడెను. దేవి కన్నీరు పెట్టి, "అమ్మా, మన్నుకు ఎరువు బదులిచ్చితివి, పుచ్చుకొంటిని. మనిషికి బదులు నా యొద్ద లేదు" అని అంతర్ధానమాయెను. పేరాంబ బ్రతికినన్నాళ్లు నోము విడువలేదు. పచ్చని చేనిని చూచి ఒక్కనాడును నవ్వలేదు.

కావున శాద్వలా! చేను గలవారు, పెరడు గలవారు, కొత్తయింటి వాకిట పచ్చిక వేయువారు, కుండీలో తులసిని పెంచు కోడండ్రు ఈ నోము నోచవలెను. పైరు, పాడి, ఓర్పు కలుగును. పోయినవారు వత్తురని మాత్రము నేను చెప్పజాలను.

కథ లోపమైనను మాగుట లోపము కారాదు. అక్షతలు మన్నుపై ఉంచి, ఎవరి యింటి మనిషిని వారు ఒక్కసారి చూచుకొనుడు.