పసుపు బండి వెనక రాయి

అనగనగా, మనుషులు ఒకరి కాలు ఒకరు తొక్కినా నవ్వుతూ పలకరించుకునే కాలంలో, సౌమ్యపురం అనే చిన్న రాజ్యం ఉండేది. ఎంత చిన్నదంటే, కోటలో రాజుగారు తుమ్మితే పొలిమేరలో మేకలు కాసుకునేవాళ్లు చిరంజీవ అనేవాళ్లు.

ఆ రాజ్యంలో ఒక వింత మర్యాద ఉండేది. ఇద్దరు దారిలో ఢీకొన్నారనుకోండి, ఢీకొట్టినవాడు "పొరపాటు నాదే" అనేవాడు. దెబ్బ తిన్నవాడు కూడా "కాదండీ, నాదే" అనేవాడు. నాదంటే నాదని కాసేపు వాదులాడుకుని, చెరొక ముంత మజ్జిగ తాగి, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయేవాళ్లు. అసలు తప్పెవరిదో తేల్చే అవసరం ఎవరికీ పడలేదు.

ఈ మర్యాదలో అందరినీ మించినవాడు ఓబులయ్య. పసుపు కొమ్ములు దంచించి, మూటలు కట్టి, సంతకు తోలుకెళ్లి అమ్ముకునేవాడు. గడప కాలికి కొట్టుకుంటే గడపకే క్షమాపణ చెప్పే రకం. అతని భార్య లచ్చుమమ్మ నవ్వేది. ఏదో ఒకరోజు ఈ మాట నీ కొంప ముంచుతుంది, దాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి వెళ్లరాదా అనేది. ఓబులయ్య దానికీ "పొరపాటు నాదే" అనేవాడు. ఇక ఆమె ఏం చెబుతుంది?

ఓబులయ్యకు రెండు ఎద్దులు, చుక్కడు, బూడిదోడు. తల్లి ఆవు చనిపోతే చేత్తో పాలు తాగించి పెంచుకున్నాడు. అవి లేకపోతే అతనికి బండీ లేదు, బతుకూ లేదు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి పిల్లలూ, ఎందుకంటే సౌమ్యపురంలో ఒక పాత చట్టం ఉండేది. ఒక బండి ఇంకో బండిని గుద్దితే, గుద్దిన బండిని లాగే పశువులు దెబ్బ తిన్నవాడికి చెందుతాయి.

సంత కొండ మీద జరిగేది. దారి నిటారుగా ఉంటుంది గనక, సగం ఎక్కాక మజ్జిగ అమ్మే అచ్చమ్మ పందిరి దగ్గర బండ్లవాళ్లు ఆగి పశువులకు అలుపు తీర్చేవాళ్లు. ఆగగానే ముందు చేసే పని ఒకటే. చక్రం వెనక రాయి పెట్టాలి. ఆ తర్వాతే ఎద్దులకు నీళ్లయినా, మనిషికి మజ్జిగయినా.

ఒక సంతనాడు ఓబులయ్య అలాగే ఆగాడు, అలాగే రాయి పెట్టాడు, అలాగే చుక్కడి మెడ నిమురుతూ నిలబడ్డాడు.

అదే సమయానికి కింది నుంచి ఒక గుర్రబ్బండి దూసుకొచ్చింది. అందులో పొరుగు దేశపు అత్తరు వర్తకుడు మణిగుప్తుడు ఉన్నాడు. కొత్త తలపాగా చుట్టుకున్నాడు. అది ఎలా ఉందోనని ఒక చేత్తో కళ్లెం, ఒక చేత్తో అద్దం పట్టుకుని, అద్దంలోకే చూసుకుంటున్నాడు. దారి చూసే పని గుర్రానికి వదిలేశాడు. గుర్రం తెలివిగలది, పసుపు బండిని చూసి పక్కకు తప్పుకుంది. దాని వెనకనున్న బండికి ఆ తెలివి లేదు. దాని మూల వచ్చి ఓబులయ్య బండికి ధడాలున తగిలింది.

వెనక పలక విరిగింది. మూటలు పగిలాయి. పసుపు మేఘంలా లేచి, నెమ్మదిగా కిందికి దిగింది. దారి, బండి, అచ్చమ్మ పందిరి, అన్నీ పచ్చగా అయిపోయాయి. చివరికి మణిగుప్తుడి చేతిలోని అద్దం జారి లోయలో పడింది.

దేవుడి దయ వల్ల మనుషులకూ పశువులకూ ఏమీ కాలేదు. ఓబులయ్య పరుగెత్తుకెళ్లి వర్తకుణ్ణి చెయ్యి పట్టి దించాడు. అలవాటుగా, ఆలోచించకుండా, ఆ మాట అననే అన్నాడు.

"పొరపాటు నాదేనండీ."

సౌమ్యపురం మనిషి అయితే "కాదండీ, నాదే" అనేవాడు. మణిగుప్తుడు అనలేదు. అతని చూపు విరిగిన పలక మీది నుంచి ఎద్దుల మీదికి వెళ్లింది. ఈ రాజ్యపు చట్టం అతను సంతలో వినే ఉన్నాడు. చప్పుడు విని చేరిన బండ్లవాళ్ల వైపు తిరిగి గొంతు పెంచాడు. ఈ బండి వెనక్కి జారి తన బండి మీద పడిందని, తప్పు తనదేనని ఈ మనిషి నోటితోనే ఒప్పుకున్నాడని, ఎద్దులు ఇక తనవని చెప్పాడు.

చిన్నప్పటినుంచి అంటున్న మాట ఇలా తిరగబడుతుందని ఓబులయ్య కలలో కూడా అనుకోలేదు. చుక్కడు ఏమీ తెలియక అతని భుజం నాకుతున్నాడు. అప్పుడు ఓబులయ్యకు మొదటిసారిగా తన మర్యాద మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపంలోనే అతని చూపు చక్రం వెనకనున్న రాయి మీద పడింది. చాలాసేపు దాన్నే చూశాడు. ఆ తర్వాత మణిగుప్తుడి వైపు తిరిగాడు.

"అయ్యా, ఆ మాట మా ఊరి మర్యాద. మీకు దెబ్బ తగల్లేదు కదా, అది చాలు. మిగతాది రాజుగారి ముందు మాట్లాడుకుందాం," అన్నాడు.

అచ్చమ్మ కొండ మీది కోటకు కబురు పంపింది.

మణిగుప్తుడు ఊరుకునే రకం కాదు. మొదట బెదిరించాడు. తనకు పెద్ద పెద్ద రాజులు తెలుసని, అంతఃపురాలన్నీ తన అత్తరుతోనే ఘుమఘుమలాడతాయని, తనతో పెట్టుకుంటే ఎద్దులతో పాటు బండీ పోతుందని అన్నాడు. ఓబులయ్య తల వంచుకుని విన్నాడు.

బెదిరింపు పారకపోయేసరికి గొంతు మార్చి తియ్యగా మాట్లాడాడు. పాపం, వెనక ఎన్ని బండ్లు ఆగిపోయాయో చూడు, ఎండలో పశువులు మాడిపోతున్నాయి, ఇద్దరం కలిసి ఈ బండిని పక్కకు నెడదాం రా అన్నాడు. అంటూనే చక్రానికి భుజం ఆనించాడు.

ఇది ఓబులయ్యకు అసలైన పరీక్ష. తన వల్ల ఒకరికి ఆలస్యం అవుతోందంటే అతనికి అన్నం సహించదు. వెనకనున్న కుండల బండి అతను నిట్టూరుస్తున్నాడు, కూరగాయల బండి ఆమె వంకాయలు వాడిపోతున్నాయని గొణుగుతోంది. ఓబులయ్య వెళ్లి చక్రం పక్కనే, రాయికి ఆనుకుని, దారి మీద చతికిలబడ్డాడు.

"కొంచెం ఓపిక పట్టండి. రాజుగారు చూసేదాకా ఇక్కడ ఏదీ కదలకూడదు," అని అందరికీ చేతులు జోడించాడు. పొరపాటు నాదే అనే మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాడు.

ఆ మాట మింగడం అతనికి ఎంత కష్టమైందో చూసిన కూరగాయల ఆమె గొణగడం మానేసింది. తట్టలోంచి ఒక గోనె తీసి వంకాయల మీద కప్పి, తనూ చెట్టు నీడకు వెళ్లి కూర్చుంది.

మూడోసారి మణిగుప్తుడు బేరానికి దిగాడు. పోనీలే, నీ మొహం చూస్తే జాలేస్తోంది, ఒక్క ఎద్దు ఇచ్చెయ్, ఇంకోటి నువ్వే ఉంచుకో అన్నాడు. కుండల బండి అతను కూడా ఒప్పుకోమన్నాడు. రాజుగారి తీర్పు ఎలా ఉంటుందో, రెండూ పోవడం కన్నా ఒకటి మిగలడం మేలు కదా అని నచ్చజెప్పాడు.

ఓబులయ్య బూడిదోడి వంక చూశాడు, చుక్కడి వంక చూశాడు. "నేను గుద్దితే రెండూ ఇస్తాను. గుద్దలేదు గనక తోక వెంట్రుక కూడా ఇవ్వను," అన్నాడు. అంత గట్టిగా తను మాట్లాడగలడని అతనికే తెలియదు.

ఇంతలో రాజు విజయకేతుడు గొడుగు వేసుకుని నడుచుకుంటూ దిగి వచ్చాడు. చిన్న రాజ్యం గనక తీర్పులన్నీ ఆయనే చెప్పేవాడు. ముందు మణిగుప్తుణ్ణి చూడగానే పెదవి కొరుక్కున్నాడు. ఎందుకో తర్వాత చెబుతాను.

మణిగుప్తుడు నమస్కరించి తన కథ చెప్పాడు. బండి జారింది, నేరస్థుడు ఒప్పుకున్నాడు, ఇంకా విచారణ దేనికి అన్నాడు.

రాజు అవునా అని తల ఊపుతూ అచ్చమ్మ వైపు నడిచాడు. నడుస్తూ నడుస్తూ ఆమె కాలు తొక్కాడు.

"పొరపాటు నాదే ప్రభూ," అంది అచ్చమ్మ చటుక్కున.

"ఎవరి కాలు ఎవరు తొక్కారు అవ్వా?"

"నా కాలు తమరే తొక్కారు."

"మరి తప్పెవరిది?"

అచ్చమ్మ కాలు రుద్దుకుంటూ, "తప్పు తమరిదే ప్రభూ. మాట మాత్రం నాది," అంది.

బండ్లవాళ్లందరూ నవ్వారు. రాజూ నవ్వాడు. అలవాటుగా అన్న మాటను ఒప్పుకోలు కింద లెక్కవేయనని చెప్పి, ఆమె ఏం చూసిందో చెప్పమన్నాడు. అచ్చమ్మ నిజాయితీ గల మనిషి. గుద్దడం తను చూడలేదని, మజ్జిగ చిలుకుతూ చప్పుడు విన్నాకే తలెత్తానని చెప్పింది. ఓబులయ్య మొహం వాడిపోతుందేమోనని అందరూ చూశారు. అతను మాత్రం, చూసినదే చెప్పావు, మంచిపని చేశావు అవ్వా అన్నాడు.

తర్వాత రాజు అతన్నే అడిగాడు. ఓబులయ్య తను చక్రం వెనక రాయి పెట్టి ఆగానని, రాయి ఉండగా బండి జారడం కుదరదని చెప్పాడు.

"గుద్దిన తర్వాత పెట్టి ఉంటాడు," అన్నాడు మణిగుప్తుడు వెంటనే.

"అందుకే ప్రభూ, తమరు వచ్చేదాకా దాన్ని కదలనివ్వలేదు. ఇప్పుడు తమరే ఎత్తించి చూడండి," అన్నాడు ఓబులయ్య.

నలుగురు బండిని పట్టుకున్నారు. భటుడు రాయిని ఎత్తాడు. అందరూ వంగి చూశారు. చుట్టూ నేలంతా పచ్చటి పసుపు. రాయి పైన పసుపు. రాయి ఉన్న చోట మాత్రం ఎర్రటి మట్టి, ఒక్క రేణువైనా అంటకుండా, రాయి ఆకారంలోనే ఉంది.

ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. పసుపు రాలక ముందు నుంచే ఆ రాయి అక్కడ ఉంది. బండి జారలేదు.

మణిగుప్తుడు తడబడ్డాడు. తను మాత్రం కళ్లు దారి మీదే పెట్టి తోలానని ఒట్టు వేశాడు. అప్పుడు రాజు అచ్చమ్మ కుండలోని నీళ్లు తెప్పించి, ఒకసారి తొంగి చూసుకోమన్నాడు.

నీళ్లలో అతని ముఖం కనిపించింది. చెవులు పసుపు, నుదురు పసుపు, గడ్డం పసుపు. మధ్యలో, కళ్లూ ముక్కూ మీసమూ ఉన్న చోట, గుండ్రంగా, అద్దం ఎంత ఉందో అంత మేర శుభ్రంగా ఉంది. ఇంతసేపూ అది అందరికీ కనిపిస్తూనే ఉంది. మర్యాద కొద్దీ ఒక్కరూ చెప్పలేదు. రాజుగారు ఇందాక పెదవి కొరుక్కున్నది అది చూసి వచ్చిన నవ్వు ఆపుకోవడానికే.

మణిగుప్తుడు కూలబడ్డాడు. సిగ్గుతో నిజం చెప్పేశాడు. చట్టం ప్రకారం అతని గుర్రం ఓబులయ్యది అయిపోయింది. వర్తకుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ గుర్రాన్ని అది పిల్లగా ఉన్నప్పటి నుంచి అతనూ చేత్తోనే పెంచుకున్నాడు.

ఓబులయ్య గుర్రం దగ్గరకు వెళ్లి దాని మెడ నిమిరాడు. "ప్రభూ, ఈ మొత్తం గొడవలో దారి చూసింది ఇదొక్కటే. దీనికెందుకు శిక్ష? నా బండి విరిగింది గనక, మిగిలిన పసుపు ఆయన బండిలో సంతకు చేరిస్తే చాలు. పలక బాగు చేయిస్తే ఇంకా సంతోషం," అన్నాడు.

రాజు సరేనన్నాడు. మణిగుప్తుడు ఈసారి అద్దం లేకుండా, తలపాగా కూడా తీసి మూటల మీద కప్పి, కళ్లెం పట్టుకుని గుర్రం పక్కనే కొండ ఎక్కాడు. దారి పొడుగునా రాళ్లనూ గుంతలనూ జాగ్రత్తగా చూసుకుంటూ నడిచాడు. ఆరోజు సంతలో ఓబులయ్య పసుపు అత్తరు వాసన వేసింది. ఆడవాళ్లు ఎగబడి కొన్నారు.

సాయంత్రం లచ్చుమమ్మ జరిగిందంతా విని, ఎద్దులకు చెరో బెల్లం ముద్ద పెట్టింది. ఓబులయ్యను మాత్రం, ఆ మాటకు ఇకనైనా తాళం వేస్తావా అని అడిగింది. వేస్తానన్నాడు, ఈసారి పొరపాటు నాదే అనలేదు.

అప్పటి నుంచి సౌమ్యపురంలో మర్యాద మారింది. ఇద్దరు ఢీకొంటే మొదటి మాట "దెబ్బ తగిలిందా?" అయింది. మజ్జిగ మాత్రం ఎప్పటిలాగే చెరొక ముంత తాగుతున్నారు. పసుపు బండి వెనకనున్న ఆ రాయిని అచ్చమ్మ తన పందిరి కింద పెట్టుకుంది. దాని మీద కూర్చుని మజ్జిగ తాగే ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లాడికీ ఈ కథ చెప్పేది.

కథలోని నీతి ఏమిటంటే, ఎదుటివాడి క్షేమం ముందుగా అడగాలి, జరిగింది జరిగినట్టు నిలిపి ఉంచాలి, అంతేగాని మర్యాద కోసమైనా చెయ్యని తప్పును నెత్తిన వేసుకోకూడదు.