ధర్మాధికారి చేసిన తప్పు

ఒకానొక రాజ్యంలో వానలకు కరువొచ్చినా, ఉద్దండవర్మ మహారాజుగారి కోపానికి మాత్రం ఏనాడూ కరువు రాలేదు. ఈసారి ఆ కోపం ధర్మాధికారి విశ్వపతి మీద పడింది.

జరిగిందేమిటంటే, పట్టపుటేనుగు పేరక్క అనే రైతు చెరకుతోటలో పడి సగం మేసేసింది. పాపం, పేరక్కకు ఆ తోటే బతుకు. "చెరకు మళ్ళీ చేతికొచ్చేదాకా ఆ ఏనుగే తోటకు నీళ్ళు మోయాలి" అని విశ్వపతి తీర్పు చెప్పాడు. పట్టపుటేనుగు కడవలు మోయడమా!

"రేపటికల్లా ఆ ముసలాడు పీఠం దిగాలి. తీర్పూ రద్దు కావాలి. వాణ్ణి నియమించింది మేమే, తీసేసేదీ మేమే!" అని గర్జించాడు రాజు.

మంత్రులంతా తలలూపారు. వాళ్ళకు బాగా వచ్చిన విద్య అదొక్కటే.

ఆస్థాన విదూషకుడు మాచన లేచాడు. "తీసేద్దాం ప్రభూ, అదెంత పని! కాకపోతే తమ తాతగారు పెట్టిన కట్టుబాటొకటుంది. తప్పేమిటో ముందు ఊరంతా దండోరా వేయించాలి. అది విచారణలో రుజువు కావాలి. ఆపైన సామంతుల సభా, ఊరిపెద్దల సభా రెండూ ఒప్పుకోవాలి. అప్పుడు తమరు ముద్ర వేయడమే."

"ఇంత తతంగమా?"

"వంటవాణ్ణి తీసేయడానికైతే అక్కర్లేదు ప్రభూ. దండోరాలో ఏమని చెప్పించమంటారు?"

"మాకే ఎదురు తీర్పు చెప్పాడని!"

మాచన గొంతు సవరించుకున్నాడు. "వినండహో! రాజుగారి ఏనుగు పేరక్క చెరకు మేసిందహో! అది తప్పేనని అన్నందుకు ధర్మాధికారిని తీసేస్తున్నారహో!"

"ఆపవయ్యా! ఊరంతా నవ్విపోతారు. ముసలాడికి చెవుడని వేయించు."

"చిత్తం. కానీ రుజువు కావాలిగా! పేరక్క కోట వాకిట్లో పొద్దస్తమానం మొత్తుకుంటే మనలో ఒక్కరికీ వినపడలేదు. ఆయనకొక్కడికే వినపడింది. చెవుడున్న వాళ్ళను పదవుల్లోంచి దించడం మొదలుపెడితే..." అంటూ మాచన మంత్రులందరినీ వరసగా చూసి, సింహాసనం దగ్గర చూపు ఆపాడు.

ఈసారి ఒక్క తలా ఊగలేదు. రాజుగారి మీసాలు మాత్రం కదిలాయి. ఆపుకోలేక పకపకా నవ్వేశాడు.

"ఏనుగును తోటకు తోలండి! ఈ ముత్యాలహారం విశ్వపతికి మా కానుకగా పంపండి!"

"వద్దు ప్రభూ! ఆయన ముందు తగాదాలో ఉన్నది తమరే. తమరిచ్చింది పుచ్చుకున్నాడంటే, పొద్దుటినుంచి మనం వెతుకుతున్న తప్పు దొరికిపోతుంది."

రాజు మళ్ళీ నవ్వి, హారం మాచన మెడలో వేశాడు.

"అయితే నువ్వే ఉంచుకో. నిన్ను న్యాయం చెప్పమని ఎవరూ అడగరుగా!"