ముప్పదునూరు సానమ్మ తల్లి

ముప్పదునూరులో బస్సు దిగి, పసుపు కళ్ళాల పక్కగా ఏటి వైపు పది నిమిషాలు నడిస్తే సానమ్మ తల్లి గుడి వస్తుంది. గోపురం కోసం వెతికే భక్తులు గుడిని దాటి ఏటి దాకా పోయి వెనక్కి వస్తుంటారు. ఇక్కడ గోపురం లేదు. మూడు వైపుల నుంచి వచ్చి ఒకచోట కలిసే మూడు మొండిగోడలు, అవి కలిసే చోట ఒక నల్లని సానరాయి, ఆ రాతి మీద బొటనవేలంత అమ్మవారి రూపం మాత్రమే ఉన్నాయి. రోహిణి ఎండలకు ఏరు ఎండినా ఆ రాయి తడి ఆరదు.

ఊరి పేరును బట్టి ఒకప్పుడు ఇక్కడ ముప్పది నూర్ల ఇళ్ళుండేవని కొందరు పెద్దలు రాశారు. అన్ని ఇళ్ళు పట్టేంత నేల ఈ ఊరికి ఏనాడూ లేదు. అసలు కథ వేరు.

పూర్వం ఇక్కడ ఒక వర్తక విద్యాశాల ఉండేది. పసుపు పండించే ముప్పై కుటుంబాలు, సరకును రేవుకు చేర్చే వర్తక శ్రేణి కలిసి దానిని పోషించేవి. అందులో మూడు గదులు, ముగ్గురు గురువులు. ప్రోలమ్మ సరకు పరీక్ష చెప్పేది. పసుపు కొమ్మును చెవి దగ్గర విరిచి, ఆ చప్పుడును బట్టి అది ఏ చేలోదో చెప్పగల మనిషి. త్రిపురాంతక శాస్త్రి దారులు, గాలులు, సంతల కాలాలు చెప్పేవాడు. బొప్పన బేరం చెప్పేవాడు. ఎదుటివాడు కోపంతో లేచిపోబోతే నవ్వించి కూర్చోబెట్టడం అతని విద్య.

ముగ్గురూ ఉద్దండులే. ఇరవై ఏళ్ళుగా ఒకరి గడప ఒకరు తొక్కలేదు. ఒక గదిలో చేరిన విద్యార్థి పక్క గదిలోకి తొంగి చూస్తే గుంజిళ్ళు తీయించేవారు. ఎవరి విద్య వారికి గొప్ప, పక్కవారిది కాలక్షేపం.

ఒక ఏడాది పంట విరగకాసింది. గదికి ఒకరు చొప్పున ముగ్గురు మేటి విద్యార్థులను ఎంచి, పసుపు బళ్ళతో రేవుకు పంపారు. బళ్ళు కదిలేటప్పుడు ప్రోలమ్మ ముగ్గురినీ పిలిచి ఒకే మాట చెప్పింది. "పదును చూసుకుని అమ్మండి."

ఆ మాటే కొంప ముంచింది. ప్రోలమ్మ గదిలో పదును అంటే తడి. ఆమె శిష్యురాలు వీరమ రేవులో దిగగానే, తడి చూద్దామని సముద్రపు గాలిలో గోతాలన్నీ విప్పేసింది. శాస్త్రి గదిలో పదును అంటే అదను. ఆయన శిష్యుడు పంచాంగం తిప్పి, సంతకు ఇంకా పదును రాలేదు, తొమ్మిది రోజులు ఆగాలన్నాడు. బొప్పన గదిలో పదును అంటే మాటలో వాడి. అతని శిష్యుడు ఓడ వర్తకుడి మీద నాలుకకు ఎంత పదునుందో అంతా చూపించాడు. ఆ వర్తకుడు లంగరెత్తుకుని వెళ్ళిపోయాడు. తొమ్మిది రోజులూ ముసురు పట్టింది. ముగ్గురూ గురువు మాట అక్షరాలా పాటించారు. పసుపంతా బూజు పట్టింది.

బళ్ళు తిరిగి వచ్చిన రోజు ముప్పై ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. శ్రేణి పెద్ద కేతిసెట్టి విద్యాశాల ముందు నిలబడి మాట తేల్చేశాడు.

"వచ్చే పౌర్ణమికి వస్తాను. సరకును, సంతను, మనిషిని కలిపి చూడగల శిష్యుణ్ణి ఒక్కణ్ణి చూపించండి. చూపలేకపోతే ఈ గదులు నాకు గిడ్డంగులుగా పనికొస్తాయి."

ప్రోలమ్మ కుంగిపోయింది. అరవై ఏళ్ళ మనిషి. ఆ గది తప్ప ఆమెకు వేరే లోకం లేదు. తప్పు పిల్లలదని శాస్త్రి, బొప్పన అంటుంటే ఆమెకు మింగుడు పడలేదు. వీరమను పిలిచి, "తప్పు నీది కాదే తల్లీ, నాది. ఆ మాటకు నా గది అర్థం ఒక్కటే ఉందనుకున్నాను" అని చెప్పి ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం గోడకు చేరగిలబడి కునుకు తీస్తుండగా ఆమెకు కల వచ్చింది. ఒంటి నిండా పసుపు పూసుకున్న ఒక ముత్తైదువ గోడలోంచి మాట్లాడింది. "నా తల ఒక గదిలో, చేతులు ఒక గదిలో, కాళ్ళు ఒక గదిలో ఉన్నాయి. ఎన్నాళ్ళు ఇలా పడుకోమంటావు? నన్ను కూర్చోబెట్టు."

ప్రోలమ్మ లేచి ముఖం కడుక్కుని, ఎవరినీ సలహా అడగకుండా గునపం తెచ్చింది. మొదటి దెబ్బకు సున్నం రాలింది. నాలుగో దెబ్బకు బొప్పన పరుగెత్తుకొచ్చాడు.

"ఏమిటక్కా ఈ పని? ఆ గోడ నీదా నాదా?"

"ఇద్దరిదీ. అందుకే నా వైపు నుంచి కొడుతున్నాను తమ్ముడూ. నీ వైపు నువ్వు చూసుకో."

బేరాల్లో ఎవరికీ లొంగని బొప్పన ఆ మాటకు నవ్వేశాడు. పంచె ఎగ్గట్టి పలుగు పట్టాడు. శాస్త్రి మాత్రం తలుపు గడియ వేసుకున్నాడు. "నా శాస్త్రం పక్కన పసుపు కొమ్ములు ఆరబోస్తారా?" అని లోపలి నుంచే కేకలేశాడు.

ప్రోలమ్మ చేతులు బొబ్బలెక్కాయి. గుడ్డ చుట్టుకుని కొట్టింది. మూడో రోజుకు శాస్త్రి గోడకు పిడికిలంత కన్నం పడింది. పాఠం వేళ కావడంతో ఆమె గునపం పక్కన పెట్టి, అక్కడే కూర్చుని వీరమకు పాఠం మొదలుపెట్టింది. "నైరుతి గాలి వీస్తే కొమ్ము తొందరగా ఆరుతుంది" అన్నదో లేదో, కన్నంలోంచి గొంతు వినిపించింది.

"తప్పు! తప్పు! అది వాన మోసుకొచ్చే గాలి. దానికి కొమ్ము ఆరదు, నానుతుంది."

ప్రోలమ్మ నిర్ఘాంతపోయింది. "ఇరవై ఏళ్ళుగా తప్పే చెబుతున్నానా శాస్త్రిగారూ?"

అవతల గడియ తీసిన చప్పుడైంది. "ఇరవై ఏళ్ళుగా నేనూ వినలేదు కదమ్మా" అంటూ శాస్త్రి వచ్చి గునపం రెండో కొస పట్టుకున్నాడు. ప్రోలమ్మ కావాలనే తప్పు చెప్పి ఆయనను బయటికి లాగిందని ఊరివారు అంటారు. ఆమెకు నిజంగానే తెలియదని పూజారి వంశం వారు అంటారు. రెండో మాటే మాకు నచ్చుతుంది.

ఎనిమిదో రోజున మూడు గోడలూ కలిసే చోట, పునాదిలో, ఈ సానరాయి బయటపడింది. దాని మీద అమ్మవారు కూర్చుని ఉన్నది. రాయి తడిగా ఉన్నది. ప్రోలమ్మ నడుముకున్న చిన్న కత్తిని దాని మీద నూరి చూస్తే అంచు తళుక్కుమన్నది. ముగ్గురూ అక్కడే మోకరిల్లారు.

ఆనాటి నుంచి ముగ్గురూ ఒకే అరుగు మీద కూర్చుని ఒకే పాఠం చెప్పారు. మొదటి వారం శిష్యుల ముందే పోట్లాడుకున్నారు. తరువాత "ఇది నాకు తెలియదు, వారిని అడగండి" అనడం నేర్చుకున్నారు. కొరుకుడు పడని పాఠం అదొక్కటేనని బొప్పన చెప్పుకునేవాడట.

పౌర్ణమికి కేతిసెట్టి వచ్చాడు. గురువులు వీరమనే నిలబెట్టారు. సరకు పాడుచేసిన పిల్లనే ముందుకు తోస్తారా అని రైతులు గొణిగారు. ప్రోలమ్మ వెనక్కి తగ్గలేదు. కేతిసెట్టి పసుపు గోతం ముందు పెట్టించి, "పదును చూసి చెప్పు" అన్నాడు.

వీరమ గోతం మీద చెయ్యి వేయలేదు. "ఏ పదును సెట్టిగారూ? సరకుదా, సంతదా, మాటదా?" అని అడిగింది.

కేతిసెట్టి, "ఈ ప్రశ్న అప్పుడే అడిగి ఉంటే..." అని ఆగి, గదులకు వేద్దామని తెచ్చిన తాళాలు ప్రోలమ్మ చేతిలో పెట్టాడు. ఆమె వాటిని ఏటిలో విసిరేసింది. మూడు పదునులు కలిసిన ఈ ఊరు నాటి నుంచి ముప్పదునూరైంది.

నేటికీ శ్రావణ పౌర్ణమికి వ్యాపార కళాశాలల అధ్యాపకులు ఇక్కడికి వస్తారు. ఒంటరిగా వచ్చినవారికి తీర్థం లేదు. వేరే పాఠం చెప్పేవారిని తోడు తెచ్చుకోవాలి. మార్కెటింగు చెప్పేవారు, చట్టం చెప్పేవారు కలిసి రాతి మీద నీళ్ళు పోసి, ఒకే కత్తిని చెరో వైపు నూరుతారు. తరువాత శిష్యులను కూర్చోబెట్టుకుని ఒకే పాఠం ఇద్దరూ చెబుతారు. పాఠం ముగిసేలోగా ఒక్కొక్కరూ ఒక్కసారైనా "ఇది నాకు తెలియదు" అనాలి. అలా మొక్కు తీర్చిన వారి శిష్యుల సరకు దారిలో చెడదని నమ్మకం.

మిగతా భక్తులకు పూజారి అరచేతిలో పసుపు కొమ్ము పెట్టి, "పదును చూశారా?" అని అడుగుతారు. చాలామంది చూశామని చెప్పేస్తారు. వారిని మళ్ళీ వరుస చివరికి పంపుతారు.