పదకొండు పున్నముల అద్దె

అనగనగా ఒక అడవిలో సూరమ్మ అనే గోరువంకకు అన్యాయం జరిగింది. ఏనాడో కాదు, మొన్న ఆషాఢ పున్నమి నాడు. పట్టపగలు, చట్టప్రకారం జరిగింది.

సూరమ్మ ఏటి ఒడ్డున మద్దిచెట్టు పై తొర్రలో అద్దెకుండేది. ఆ చెట్టుకు ఓనరు టకటకయ్య అనే వడ్రంగిపిట్ట. తొర్రలన్నీ తొలిచి కన్నుమూసింది వాళ్ల నాయన. కొడుకు ముక్కు ఏ రోజూ చెక్కకు ఆనలేదు. అద్దె కింద వచ్చిన మిడతలను ఏరుకోవడానికే అది పనికొచ్చేది. అయినా ఎవరు కనబడినా, "కష్టపడి కట్టుకున్న ఇళ్లండీ" అనేవాడు.

అద్దెకున్న పిట్టల గోడు అంతా ఇంతా కాదు. ఈ పూట ఉన్న గూడు రేపు ఉంటుందన్న నమ్మకం లేదు. అందరూ కలిసి అడవికి పెద్ద దిక్కైన ఏనుగు పెద్దమ్మ దగ్గరకు పోయి ఏడ్చారు. పెద్దమ్మ మనసు కరిగి, కిందటి శ్రావణ పున్నమికి కొత్త చట్టం చాటించింది. అందులో మూడు మాటలున్నాయి. పన్నెండు పున్నములు ఆగకుండా ఉన్నవాళ్లను ఊరికే ఖాళీ చేయించకూడదు. అద్దె ఏడాదికి ఒక్కసారే పెంచాలి. ఓనరు అగ్రిమెంటు రాయకపోతే, అద్దెకున్నవాళ్లు ఎన్నాళ్లంటే అన్నాళ్లు.

సూరమ్మ ఆ పూట కడుపునిండా తిని నిద్రపోయింది.

తెల్లారేసరికి టకటకయ్య ఒక మోదుగాకు పట్టుకుని దిగబడ్డాడు.

"సూరమ్మా, చట్టం వచ్చిందమ్మా. చట్టాన్ని గౌరవించాలి కదా. దీనిమీద కాలిముద్ర వెయ్యి."

"ఏం రాశారండీ ఇందులో?"

"పదకొండు పున్నములకు అగ్రిమెంటు. అవి నిండాక ఒక్కరోజు బయట ఉంటావు. మర్నాడు మళ్లీ కొత్తగా దిగుతావు. అంతే."

"అదేదో పన్నెండుకే రాయొచ్చుగా?"

"పన్నెండైతే చట్టం తగులుకుంటుంది తల్లీ. మనకెందుకు లేనిపోని గొడవ?"

మనకు అన్నాడు. చూశారా పిల్లలూ, ఓనర్లు మనల్ని తమలో కలుపుకునేది సరిగ్గా ఇలాంటప్పుడే.

చుట్టుపక్కల పిట్టలన్నీ అప్పటికే ముద్రలు వేసేసి కూర్చున్నాయి. "అందరం వేశాం, నీకేం నొప్పి? ఏడాదికొక రోజు షికారు అనుకో," అని నవ్వాయి. సూరమ్మ కూడా వేసింది.

ఆషాఢం వచ్చింది. అప్పటికి సూరమ్మ తొర్రలో మూడు నీలం గుడ్లున్నాయి. రేపో మాపో పగిలేలా ఉన్నాయి. పున్నమి నాడు పొద్దున్నే టకటకయ్య గుమ్మంలో వాలాడు.

"ఖాళీ చెయ్యమ్మా. రేపు వద్దువుగాని."

"లోపల గుడ్లున్నాయండీ."

"గుడ్లను నేనేమన్నా అన్నానా? వాటి పేరు అగ్రిమెంటులో లేదు. ఉండనీ. నువ్వు మాత్రం ఉండకూడదు."

"నేను లేకపోతే చల్లబడిపోతాయి. నాలుగు రోజులు ఓపిక పట్టండయ్యా. అద్దె రెట్టింపు ఇచ్చుకుంటాను."

"నీ మిడతలకు ఆశపడి కూర్చుంటే పన్నెండో పున్నమి వచ్చేస్తుంది. ఆనక చెట్టు నాదని నేను ఎవరికి చెప్పుకోవాలి?"

సూరమ్మ ఏనుగు పెద్దమ్మ దగ్గరకు ఎగిరింది. పెద్దమ్మ ఆకును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ముద్ర నీదేనా?"

"నాదే."

"అయితే ఈ ఒక్కరోజూ అది నీ ఇల్లు కాదమ్మా. చట్టం రాసింది నేనే, నేనే ఎలా దాటను?" అని పెద్దమ్మ కళ్లు దించుకుంది. కళ్లు దించుకుంటే గుడ్లు వెచ్చబడవు.

సూరమ్మ తిరిగొచ్చి ఎదురుకొమ్మ మీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా టకటకయ్య గుమ్మానికి కాపలా ఉన్నాడు. ఆకలేసి పక్కచెట్టుకు పోయాడు. అతను అటు పోవడం, ఇటు ఒక ఉడుము జరజరా చెట్టెక్కడం. సూరమ్మ అరిచింది, మీద పడి పొడిచింది. గోరువంక ముక్కు ఉడుము తోలుకు దురద తీర్చింది, అంతే. మూడు గుడ్లూ తిని ఉడుము తొర్రలోనే నడుం వాల్చింది.

సాయంత్రం టకటకయ్య వచ్చి తొంగి చూశాడు.

"ఎవరయ్యా నువ్వు? దిగు."

"అద్దెకొచ్చాను."

"ఎవర్నడిగి వచ్చావు?"

"ఖాళీగా ఉంటే వచ్చాను. నాకు అగ్రిమెంటు రాశావా? రాయలేదుగా. మరి చట్టం ఏమంది? నేను ఎన్నాళ్లంటే అన్నాళ్లు."

"ఎన్నాళ్లు?"

"నేను పోయేదాకా. తర్వాత మా పిల్లలున్నారు."

టకటకయ్య ముందు బతిమాలాడు. తర్వాత పొడిచాడు. చివరికి చుట్టాలందరినీ పోగేసి తోక పట్టి లాగించాడు. ఉడుము గోళ్లు చెక్కలో దిగాయి. చుట్టాల చేతికి నాలుగు పొలుసులు వచ్చాయి.

ఇక ఏనుగు పెద్దమ్మే దిక్కని పరిగెత్తాడు. "దొంగతనంగా దూరిందని సాక్ష్యం తీసుకురా, అప్పుడు దింపిస్తాను," అంది పెద్దమ్మ. ఆ పూట అక్కడున్నది సూరమ్మ ఒక్కతే. టకటకయ్య వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆమె వెదురుపొదలో కొత్త గూటికి పుల్లలు ఏరుకుంటోంది.

"సూరమ్మా, నా తల్లీ, చూసింది నువ్వే. ఆ ఒక్క మాటా చెప్పు. నీ తొర్ర నీకిస్తాను. పన్నెండుకు రాస్తాను. ఇరవైకి రాయమన్నా రాస్తాను."

"నా గుడ్లకు ఎన్ని పున్నములు రాస్తారండీ?"



ఉడుము మీద సూరమ్మకు కోపం లేకపోలేదు. కానీ ఉడుము పుట్టిందే గుడ్లు తినడానికి. దానికి ఇల్లు ఖాళీ చేయించి పెట్టింది ఎవరు? ఆమె పుల్ల కింద పడేసి పెద్దమ్మ ముందుకు వెళ్లింది.

"చెప్పమ్మా, ఉడుము ఆ ఇంట్లోకి ఎలా వచ్చింది?"

"ఆ రోజు అది నా ఇల్లు కాదు పెద్దమ్మా. ఓనరుగారే రాయించారు, నువ్వే ఔనన్నావు. పరాయివాళ్ల ఇంట్లోకి తొంగి చూసే అలవాటు నాకు లేదు."

పెద్దమ్మ చాలాసేపు చెవులు ఆడించింది. "సాక్ష్యం లేదు. వాయిదా," అంది. టకటకయ్య ఎప్పటికని అడిగాడు. కుందేలు గుమాస్తా ఆకు మీద రాసుకుంది: మార్గశిర శుద్ధ పంచమి, శుక్రవారం.

నీతి: చట్టానికి సందు తవ్వినవాడు అందులోంచి తానొక్కడే దూరగలననుకుంటాడు, ఆ సందు ఉడుముకూ సరిపోతుంది.