ఫోను చెయ్యని వీధి

రవూఫ్ మాస్టారికి ఒక అలవాటుండేది. ఎవరేం అడిగినా కూర్చోబెట్టి జవాబు చెప్పేవారు కాదు. అడిగిన మనిషిని ఎక్కడికో ఒకచోటికి పంపించేవారు. టెలిఫోను ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే బల్ల దగ్గర ముప్పై రెండేళ్ళు కూర్చుని రిటైరైన మనిషి ఆయన. ఆ తరవాత విజయవాడ గవర్నరుపేటలో ఒక మేడమీది గదిలో, శనివారం సాయంత్రాలు, కంపెనీల తరఫున వినియోగదారులతో మాట్లాడే ఉద్యోగాలు చేసేవాళ్ళకి పాఠాలు చెప్పేవారు. ఆ పాఠాలకి పుస్తకమంటూ ఏమీ లేదు. కోపంగా ఉన్న మనిషితో ఎలా మాట్లాడాలని ఒకతను అడిగితే, మర్నాడు పొద్దున్నే రేషన్ షాపు వరసలో అందరికన్నా వెనక నిలబడి రమ్మన్నారట. అతను వెళ్ళొచ్చాక మళ్ళీ ఆ ప్రశ్న ఎత్తలేదు.

ఎస్తేరు రాణి ఆయన శిష్యురాలు. మిక్సీలు తయారుచేసే ఒక కంపెనీకి విజయవాడలో ఉన్న ఫోను కేంద్రం ఆమె చేతికింద నడుస్తుంది. పదకొండుమంది అమ్మాయిలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెవులకి ఫోన్లు తగిలించుకుని, ఆగిపోయిన మిక్సీల కథలు వింటూ ఉంటారు. వాళ్ళు ఏ మాట ముందు చెప్పాలో, ఏ మాట తరవాత చెప్పాలో, ఎన్నిసార్లు క్షమించమనాలో ఎస్తేరు ఒక స్క్రిప్టు రాసింది. అది మొదలుపెట్టిన తొమ్మిది నెలల్లో ఫిర్యాదులు తగ్గాయి. ఊరంతటా కొద్దికొద్దిగా తగ్గితే, గుణదల కొండవాలు వీధుల్లో మాత్రం రెండువందల పన్నెండు నుంచి పంతొమ్మిదికి పడిపోయాయి. ఆ అంకె చూసిన రోజు ఎస్తేరుకి అన్నం సహించలేదు. అంత సంతోషం. దాని మీద వ్యాసం రాసి, సేవా విభాగాల మేనేజర్ల కోసం హైదరాబాదు నుంచి వెలువడే ఒక త్రైమాసిక పత్రికకి పంపింది. అందులో అచ్చయితే ఆ స్క్రిప్టే నాలుగు రాష్ట్రాల్లో పెడతామనీ, హైదరాబాదులోని శిక్షణ విభాగానికి ఆమెనే అధికారిగా వేస్తామనీ రీజినల్ మేనేజరు చక్రపాణి గారు మాటిచ్చి ఉన్నారు.

వ్యాసం రెండుసార్లు తిరిగొచ్చింది. మొదటిసారి నిడివి ఎక్కువైందన్నారు. కుదించి పంపింది. రెండోసారి పరిశీలకులు ఒకే ఒక్క ప్రశ్న రాసి పంపారు: స్క్రిప్టు ఊరందరికీ ఒక్కటే కదా, ఇంత తగ్గుదల ఒక్క కొండవాలులోనే ఎందుకు? సోమవారం సాయంత్రం ఆరు గంటలలోగా సమాధానంతో పంపితే వచ్చే సంచికలో చూస్తామన్నారు.

శనివారం పాఠం అయిపోయి అందరూ మెట్లు దిగుతుంటే ఎస్తేరు వెనక్కి ఉండిపోయి, ఫైలు తెరిచి మాస్టారి ముందు పెట్టింది.

“మాస్టారూ, దీనికి ఏం సమాధానం రాయమంటారు?”

ఆయన ఫైలు వంక చూడలేదు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. అంటే చదవరన్నమాట.

“అక్కడ ఫోన్లు తగ్గాయని నీకెవరు చెప్పారు?”

“కంప్యూటరులో లెక్క ఉందండి.”

“నువ్వు ఆ కొండ ఎక్కావా?”

“లేదండి.”

“సోమవారం దాకా టైముందన్నావుగా. ఎక్కి రా.”

ఎస్తేరుకి లోపల చిర్రెత్తింది. ఇంకో సమయంలో అయితే సరే, రెండు రోజుల గడువు నెత్తిమీద ఉండగా కొండలెక్కమంటే ఎలా అనుకుంది. అయినా ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంటికి వెళ్ళకుండా, నిరుడు పదే పదే ఫోను చేసి ఈ ఏడు ఒక్కసారీ చెయ్యని పదకొండు ఇళ్ళ చిరునామాలు పట్టుకుని గుణదల వెళ్ళింది. అక్కడ వీధంటే మెట్లే. ఇల్లు మీద ఇల్లు, గుమ్మం ముందు గుమ్మం. తొంభై మెట్లు లెక్కపెట్టి ఆపైన మానేసింది. ఆయాసపడుతూ మొదటి తలుపు కొట్టి కంపెనీ పేరు చెబితే, తల తుడుచుకుంటున్న ఇల్లాలు నవ్వింది. “మిక్సీ సంగతా? తిరుపతమ్మ గారింటికెళ్ళండి.” రెండో ఇంట్లో లుంగీ కట్టుకున్న పెద్దాయన కూడా అదే మాట. మూడో ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. వంటగది గోడకి, మిక్సీకి సరిగ్గా పైన, నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం ఒకటి అన్నం మెతుకులతో అంటించి ఉంది.

“మిక్సీ ఆగితే భయపడొద్దు. చావలేదు, అలిసింది.
ప్లగ్గు పీకు. జారు తియ్యి. పది నిమిషాలు దాని జోలికి వెళ్ళకు.
పక్కకి వంచి అడుగున ఎర్ర మీట నొక్కు.
మళ్ళీ ఆగితే సగం తీసేసి తిప్పు. అప్పటికీ ఆగితే కంపెనీకి ఫోను చెయ్యి.”

ఎస్తేరు ఆ కాగితం ముందు నిలబడిపోయింది. ఆ ఎర్ర మీట సంగతి కంపెనీ పుస్తకంలో పద్నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. ఆమె స్క్రిప్టులో మాత్రం లేదు. స్క్రిప్టు ప్రకారం అమ్మాయిలు తొమ్మిది వాక్యాలు మర్యాదగా మాట్లాడి, మెకానిక్కుని పంపిస్తామని చెప్పి, ఫోను పెట్టేస్తారు. తన వ్యాసం పేకముక్కల మేడలా కూలిపోయిందని ఆమెకి ఆ క్షణానే అర్థమైంది. చిత్రమేమిటంటే ఆమెకి ఏడుపు రాలేదు. పరుగెత్తాలనిపించింది. గబగబా ఇంకో ఇంటికి వెళ్ళింది, అక్కడా కాగితం ఉంది. పక్కింట్లో ఉంది. ఎదురింట్లో తలుపు వెనక ఉంది. ముప్పై నాలుగు ఇళ్ళు తిరిగేసరికి ఇరవై ఏడు కాగితాలు తేలాయి, ఒక్కోటీ ఒక్కో దస్తూరీలో.

తిరుపతమ్మ ఇల్లు ఇంకా పైన. యాభై దాటిన మనిషి, కందిపొడి, కరివేపాకు పొడి చేసి కొండ కిందున్న కొట్లకి వేస్తుంది. ఎస్తేరు వెళ్ళేసరికి మూకుడులో కందిపప్పు వేయిస్తోంది. ఎవరో తెలుసుకుని, గరిటె ఆపకుండానే పీట వైపు చూపించింది.

“మీ మిక్సీ మంచిదేనమ్మా. పొడులు కొట్టికొట్టి దాన్ని నేనే అలవగొడతాను. ఆగినప్పుడల్లా మీకు ఫోను చేసేదాన్ని. మీ మెకానిక్కు పాపం మూడో రోజుకి ఈ మెట్లన్నీ ఎక్కి వచ్చేవాడు. వచ్చి దాన్ని వంచి ఏదో చేసేవాడు, అది తిరిగేది. సంతకం పెట్టించుకుని పోయేవాడు. నాలుగోసారి నేనూ వంగి చూశాను.” అక్కడ ఆగి, గరిటె పక్కన పెట్టి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. “ఆ ఒక్క ముక్కా మీరు ఫోన్లోనే ఎందుకు చెప్పరమ్మా?”

“మా స్క్రిప్టులో లేదండి,” అంది ఎస్తేరు. ఆ మాట తన చెవికే ఎలాగో వినిపించింది.

“పోనీలెండి. ఇప్పుడు తెలిసిందిగా.”

“ఈ నాలుగు వరుసలూ మీరే రాశారా?”

“ఒక్కసారే రాయలేదు. మూడు నెలలు పట్టింది.” తిరుపతమ్మకి ఉత్సాహం వచ్చింది. పొయ్యి తగ్గించి ఎదురుగా కూర్చుంది. “మొదట మీ మెకానిక్కు అన్న మాటే రాశాను, ఓవర్‌లోడ్ బటన్ నొక్కమని. కింది వీధి మంగతాయారు గారు ముందున్న మీట తిప్పి తిప్పి, పనిచెయ్యట్లేదని నన్నే తిట్టారు. అప్పుడు ‘అడుగున ఎర్ర మీట’ అని మార్చాను. ఇంకొకావిడ జారు పెట్టే వంచింది. కొబ్బరి పచ్చడి గోడంతా! అప్పుడు ‘జారు తియ్యి’ వచ్చింది. పది నిమిషాలన్నది మా ఆయన తొందర వల్ల వచ్చింది. అన్నిటికన్నా ముందు భయపడొద్దని ఎందుకు రాశానంటారా? ఆగగానే మిక్సీ కాలిపోయిందని ఏడ్చేవాళ్ళమ్మా. ఏడుస్తున్న మనిషికి తక్కినవేవీ తలకెక్కవు. ఇందులో ప్రతి మాటా ఎవరో ఒకరు పొరపాటు పడితే వచ్చిందే.”

ఎస్తేరు ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకుంది. తిరుపతమ్మ అటు చూసి, “మీరేం రాస్తున్నారు?” అంది. వ్యాసం సంగతి చెప్పింది ఎస్తేరు. “ఇరవై రెండు పేజీలా!” అని ఆశ్చర్యపోయి, అందులో ఏముందో చెప్పమంది. చెప్పబోయింది ఎస్తేరు. రెండు వాక్యాలు చెప్పేసరికి అయిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది ఎస్తేరే.

సోమవారం తొమ్మిది గంటలకి ఫోను గదిలో ఆమె స్క్రిప్టు కాగితాలన్నీ సొరుగులో పెట్టించి, అమ్మాయిల ముందు ఆ నాలుగు వరుసలు పెట్టింది. “ఈ ఒక్కరోజు ఇవి చదవండి. జనం మీట నొక్కేదాకా వాళ్ళని వదలొద్దు.” అమ్మాయిలు గుసగుసలాడుకున్నారు. పది నిమిషాలాగి మళ్ళీ ఫోను చేస్తామని చెప్పి, చెప్పినట్టే చెయ్యడం మొదలుపెట్టారు. పావుతక్కువ పదికి మూలన కూర్చున్న సుహాసిని ఒక్కసారి కుర్చీలోంచి లేచింది. “మేడం, తిరిగిందండీ! నాకు వినబడింది!” అందరి తలలూ అటు తిరిగాయి. ఎవరింట్లోనో మిక్సీ గిర్రున తిరుగుతున్న చప్పుడు ఆ అమ్మాయి చెవికున్న ఫోనులోంచి బయటికి కూడా వస్తోంది. ఇంకో పది నిమిషాలకి రెండో బల్ల దగ్గర, ఆ వెంటనే ఐదో బల్ల దగ్గర. నాలుగేళ్ళుగా ఆ గదిలో పనిచేస్తున్నా, మిక్సీ బాగయిన చప్పుడు వాళ్ళెవరూ ఎన్నడూ వినలేదు. మధ్యాహ్నానికి భోజనానికి లేవమన్నా లేవనన్నారు. మూడున్నరకి అరవై మూడు ఫోన్లలో నలభై ఒక్క మిక్సీలు మెకానిక్కు అవసరం లేకుండా తిరిగాయి.

ఎస్తేరు తలుపు వేసుకుని వ్యాసం మొదటినుంచీ మళ్ళీ రాసింది. వేళ్ళు ఆగలేదు. తన స్క్రిప్టు కారణమన్నది పొరపాటని మొదటి పేరాలోనే ఒప్పుకుంది. ఇరవై ఏడు కాగితాల సంగతి, ఒక్కో మాట ఎలా వచ్చిందో ఆ సంగతి, ఆనాటి లెక్క, అది ఒక్కరోజు లెక్క మాత్రమేనన్న సంగతి రాసింది. మొత్తం ఆరు పేజీలు. ఐదుగంటలకి చక్రపాణి గారికి ఫోను చేసి చెప్పింది.

“మన స్క్రిప్టు పనిచెయ్యలేదని మనమే చాటుకుంటామా, ఎస్తేరు గారూ?”

“పనిచేసేది దొరికిందని చాటుకుంటున్నాం సార్.”

“పాతదే కాస్త సర్ది పంపండి. మీ మంచికే చెబుతున్నాను. హైదరాబాదు సంగతి మర్చిపోయారా?”

మర్చిపోలేదు. తలుపు అవతల అమ్మాయిలు మళ్ళీ ఎందుకో చప్పట్లు కొట్టారు. “ఇక అది పంపలేనండి,” అంది.

“అయితే మీ పేరుతో వెళ్తుంది. బాధ్యత మీదే,” అని ఆయన పెట్టేశారు.

పేర్ల దగ్గర ఆమె తనది రెండోది చేసి, పైన గుమ్మడి తిరుపతమ్మ అని రాసింది. పక్కన హోదా రాయమని గడి ఉంది. ‘వినియోగదారురాలు’ అని నింపింది. ఐదూ నలభైకి తిరుపతమ్మకి ఫోను చేసి, ఇంగ్లీషు వ్యాసమంతా తెలుగులో చెప్పి అనుమతి అడిగింది. “ఆమె కనిపెట్టింది” అన్నచోట తిరుపతమ్మ ఆపింది. “నేను కనిపెట్టలేదమ్మా. వంగి చూశాను. అలాగే రాయండి.” ఎస్తేరు అలాగే దిద్ది, గడువుకి ఎనిమిది నిమిషాలుండగా పంపించింది.

ఆరు వారాలకి జవాబొచ్చింది. ఒక్క అక్షరం మార్చకుండా వేస్తున్నామనీ, హోదా గడిలో ఉన్న మాటను కూడా అలాగే ఉంచుతున్నామనీ రాశారు. ఫోను గదిలో అమ్మాయిలు ఆ ఉత్తరాన్ని మూడుసార్లు పైకి చదివించుకున్నారు. హైదరాబాదు ఉద్యోగం మాట చక్రపాణి గారు మళ్ళీ ఎత్తలేదు, అది వేరొకరికి వెళ్ళింది. సంచిక వచ్చిన రోజున ఎస్తేరు రెండు ప్రతులు తీసుకుని ముందు కొండెక్కింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తన పేరు ఏదో చూపించమని, దాని మీద వేలు పెట్టి కాసేపు చూసుకుంది తిరుపతమ్మ. “ఇందులో జారు తియ్యమని ఉందా?” అంది. ఉందని చూపిస్తే, “అయితే సరే,” అని పుస్తకాన్ని పొడుల డబ్బాల పక్కన నిలబెట్టింది.

రెండో ప్రతి శనివారం మాస్టారి చేతికిచ్చింది. ఈసారి ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. ఆరు పేజీలూ నెమ్మదిగా, వేలితో వరస పట్టుకుంటూ చదివారు. ఆయన పుస్తకం మూసి తిరిగిస్తుంటే, ఎన్నాళ్ళుగానో మనసులో మెదులుతున్న మాట ఆగలేక అడిగేసింది.

“మాస్టారూ, ఆ రోజే నా ఫైలు చదివుంటే తప్పెక్కడుందో మీరే పట్టుకుని చెప్పేవారు కదండీ?”

“చెప్పేవాణ్ణే,” అన్నారు రవూఫ్ మాస్టారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. “నువ్వు కొండెక్కకుండానే నమ్మేసేదానివి.”