ఓబులేసు లారీ ఘాటెక్కిన వైనం

ఓబులేసు లారీ కొండ మీది ఘాటు రోడ్డు మధ్యలో ఆగిపోవడం అది రెండోసారి. ఇళ్ళలో నేలకు పరిచే బేతంచెర్ల బండలు నిండా వేసుకుని మూడో మలుపు దాకా మూలుగుతూ ఎక్కింది. అక్కడ నల్లటి పొగ గుప్పున వదిలి, ఒళ్ళంతా వణికి, చతికిలబడింది. వెనక వచ్చే లారీలవాళ్ళు దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టబట్టి సరిపోయింది గానీ, లేకుంటే లోడుతో సహా లోయలో ఉండేది.

బండల ఫ్యాక్టరీ మద్దిలేటి శెట్టి కోపిష్టి కాదు. ఒక్క మాటే అన్నాడు. "శుక్రవారం ఒక లోడు ఇస్తా ఓబులేసూ. అది గానీ ఘాట్లో ఆగిందంటే, ఇంక నా గేటు ముందర నీ లారీ పెట్టొద్దు."

ఆ ఫ్యాక్టరీ లోడ్లు పోతే ఓబులేసుకు లారీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఎనిమిదేళ్ళు ఊరివాళ్ళ బండ్లన్నీ బాగుచేసి, కూడబెట్టిందంతా పోసి కొన్న పాత లారీ అది.

ఆ ఎనిమిదేళ్ళూ అతను పనిచేసింది దస్తగిరి ఉస్తాద్ దగ్గర. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు బాగుచేయడంలో ఉస్తాద్ చెయ్యి తిరిగినవాడు. ఆయన షాపులో ఒక పద్ధతి ఉంది. బాగుచేసిన ప్రతి ఇంజెక్టరునూ డీజిల్ చేతిపంపుకు బిగించి, తెల్లకాగితం మీద ఒక్కసారి చిమ్మించాలి. ఆ మరక చూసి ఉస్తాద్ తలూపితేనే అది షాపు దాటుతుంది. చివర ఒక్క బొట్టు కారినా సరే, కాగితం చింపి చేతిలో పెడతాడు. తిట్టడు. తిట్టినా బాగుండేదని శిష్యులందరూ అనుకునేవాళ్ళు.

సోమవారం పొద్దున్నే ఓబులేసు లారీని ఆ షాపు ముందు ఆపాడు.

"ఉస్తాద్, బలం చాలట్లేదని, డీజిల్ ఎక్కువ చిమ్మే పెద్ద నాజిళ్ళు రెండు కొని మొదటి రెండు సిలిండర్లకు వేసినా. అయినా ఆగింది. ఇప్పుడు ఇంకో రెండింటికి సరిపడా డబ్బుంది నా దగ్గర. మిగిలిన నాలుగింట్లో ఏ రెండింటికి వేయమంటారు?"

ఉన్న డబ్బును ఇంత పొదుపుగా వాడేవాడు ఈ జిల్లాలోనే ఉండడని అతని నమ్మకం. గొంతులోనే తెలుస్తోంది.

ఉస్తాద్ లారీ స్టార్టు చేయించి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. ఆపమని సైగ చేశాడు.

"శెట్టి ఫ్యాక్టరీలో ఈ టైముకు బండలెత్తుతుంటారు గదా? పోదాం పా."

ఫ్యాక్టరీలో ఆరుగురు హమాలీలు తలుపంత బండను లారీలోకి ఎత్తబోతున్నారు. వాళ్ళ మేస్త్రి గిడ్డయ్య. పేరుకు తగ్గట్టే పొట్టివాడు.

"గిడ్డయ్యా, ఒకరిని పక్కన నిలబెట్టప్పా. మావోడు పడతాడు," అన్నాడు ఉస్తాద్.

ఓబులేసుకు హుషారొచ్చింది. ఉగాదికి ఊరి రాతిగుండును ఎత్తి భుజం దాటించిన మనిషి అతను. లుంగీ ఎగగట్టి బండ మూల పట్టుకున్నాడు. గిడ్డయ్య 'ఎత్తండీ' అని పూర్తిగా అననే లేదు, తన మూలను నడుము దాకా లేపేశాడు. బండ ఒక్కసారిగా ఒరిగింది. బరువంతా ఎదుటి మూల మీదికి జారి గిడ్డయ్య మోకాళ్ళు వంగిపోయాయి.

"దించు! దించు!" అని గిడ్డయ్య అరిచాడు.

బండ ధబ్బున నేల మీద పడింది. గిడ్డయ్య పాదం వెంట్రుకవాసిలో తప్పించుకుంది.

"నీ బలం నీ ఇంట్లో దాచుకో నాయనా! మా కాళ్ళు మాకు కావాల!"

ఓబులేసు ముఖం మాడిపోయింది. ఉస్తాద్ మాత్రం గోడకు ఆనుకుని, "మళ్ళీ ఎత్తు," అన్నాడు.

ఈసారి ఓబులేసు గిడ్డయ్య కేక కోసం ఆగాడు. పక్కవాడి భుజం ఎంత లేచిందో చూసుకుంటూ అంతే లేపాడు. బండ నీళ్ళ పళ్ళెంలా తొణక్కుండా లేచి, పది అడుగులు నడిచి, లారీలోకి చేరింది.

"ఎట్లుంది బరువు?" అని అడిగాడు ఉస్తాద్.

"ఇందాకట్లో సగం గూడా లేదు ఉస్తాద్."

"బండ అదే గదా," అని ఉస్తాద్ టీకొట్టు వైపు వెళ్ళిపోయాడు.

ఓబులేసుకు మిగతా నాలుగింటి కన్నా ఎక్కువ చిమ్మే ఆ రెండు పెద్ద నాజిళ్ళు గుర్తొచ్చాయి. నాలుక కరుచుకుని, తిన్నగా షాపుకొచ్చి లారీ బానెట్ ఎత్తాడు.

పెద్ద నాజిళ్ళు రెండూ ఊడదీశాడు. సీటు కింద డబ్బాలో పడేసిన పాత వాటిని తెచ్చి, ఆరు ఇంజెక్టర్లనూ బల్ల మీద వరసగా పరిచాడు. రెండింటి కొనల్లోని నాజిళ్ళు అరిగిపోయి పనికిరాకుండా ఉన్నాయి. చేతిలో ఉన్న డబ్బుతో మామూలు సైజువే రెండు కొన్నాడు. మిగిలిన నాలుగింటికీ మసి గీకి, లోపలి సూదులు నూరి, ఆరూ ఒకే ఒత్తిడికి తెరుచుకునేలా లోపల పల్చటి రేకులు పెట్టి సరిచేయడం మొదలుపెట్టాడు. మధ్యలో గాలి ఫిల్టరు విప్పితే చేటెడు బండల పొడి రాలింది. తన బండి ఇన్నాళ్ళూ ఊపిరాడక మూలిగిందని తెలిసి సిగ్గుపడ్డాడు.

బుధవారం సాయంత్రానికి అయిదు కుదిరాయి. ఆరోది మొండికేసింది. చిమ్మించిన ప్రతిసారీ కాగితం మీద చివర ఒక బొట్టు. ఉస్తాద్ చింపకముందే తనే చింపేసి, మళ్ళీ విప్పి, మళ్ళీ నూరాడు. చేతులు డీజిల్‌కు పగిలి మంట పుడుతున్నాయి.

"అయిదు కుదిరినాయి గదరా, చాల్లే. బిగించుకో," అన్నాడు ఉస్తాద్.

"గిడ్డయ్య కాలు గుర్తుంది ఉస్తాద్," అన్నాడు ఓబులేసు తలెత్తకుండా.

ఉస్తాద్ తన టీగ్లాసును అతని వైపు జరిపాడు.

గురువారం మధ్యాహ్నం షాపులో కట్టిన తీగ మీద ఒకే తీరు మరకలతో ఆరు కాగితాలు వేలాడాయి. ఉస్తాద్ కళ్ళజోడు పెట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి నడిచాడు. తలూపాడు.

శుక్రవారం నిండు లోడుతో ఘాటు మొదలైంది. మూడో మలుపు దగ్గర, మొన్న చక్రాల కింద పెట్టిన రాళ్ళు ఇంకా రోడ్డు పక్కనే ఉన్నాయి. వాటిని చూడగానే ఓబులేసు కుడికాలు యాక్సిలరేటరును ఇంకా గట్టిగా తొక్కమని పోరుపెట్టింది. తొక్కలేదు. పళ్ళు బిగించి, ఇంజిన్ చప్పుడు వింటూ, రెండో గేర్లో అలాగే పట్టుకున్నాడు. బండి వణకలేదు. మలుపు తిరిగింది. నాలుగోదీ తిరిగింది. ఘాటు పైన లారీ పక్కకు ఆపి, స్టీరింగు మీద తల వాల్చి, ఎవరూ చూడట్లేదు గదా అని కాసేపు ఏడ్చుకున్నాడు.

మర్నాడు తిరిగొచ్చేసరికి శెట్టి సోమవారానికి ఇంకో లోడు పెట్టాడు. ఆ మాట చెప్పడానికి ఓబులేసు పరుగున షాపుకు వచ్చాడు.

"ఎక్కింది ఉస్తాద్! ఎక్కడా ఆగలేదు!"

ఉస్తాద్ ఎవరిదో ఇంజెక్టరు తుడుచుకుంటున్నాడు. చెయ్యి ఆపలేదు.

"ఏ సిలిండరు లాగిందిరా?"

ఓబులేసు చెప్పబోయి ఆగాడు. మూడో మలుపును, ఆ చప్పుడును మళ్ళీ చెవిలోకి తెచ్చుకున్నాడు. ఎంత వెతికినా ఒక్కటీ విడిగా వినపడలేదు.

"తెలీలేదు ఉస్తాద్."

"అట్లయితే బాగా చేసినావు," అన్నాడు ఉస్తాద్.