రెండు గుమ్మాల దీవి

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి పడితే తిరుగులేదు. రెండోవాడు గుర్రమెక్కితే ఎదురులేదు. మూడోవాడి పేరు విజయధరుడు. నోరు తెరిస్తే "ఎందుకు?" అనడమే వాడి పని. అందుకే ఊరంతా వాణ్ణి ఎందుకయ్య అని పిలిచేది.

ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో కరాళుడనే మాంత్రికుడు దిగి, ఆ దీవి రాకుమారి నీలవల్లిని పెళ్ళాడతానని పట్టుబట్టాడు. వాడి ప్రాణం ఎక్కడో ఒక చిలుకలో ఉందట. ఆమెను విడిపిస్తానని పెద్దన్న కత్తితో వెళ్ళాడు, రాయైపోయాడు. రెండో అన్న గుర్రంతో వెళ్ళాడు, రాయైపోయాడు. అన్నల మీద బెంగతో ఎందుకయ్య ఉత్త చేతులతో ఒక ముసలి తాబేలు వీపెక్కి బయలుదేరాడు.

ఏడు సముద్రాలు దాటాక దీవి కనబడింది. నడుమ బోర్లించిన గంపలా ఒక కొండ. పడమట ఎడతెగని వాన, జామతోటలు. తూర్పున చుక్క లేదు, అన్నీ ముళ్ళపొదలే.

"ఎందుకు తాతా?"

"పడమటి గాలి మబ్బుల్ని మోసుకొచ్చి కొండకు కొడుతుంది నాయనా. బరువంతా అక్కడే దించేస్తే అవతలికి ఏం మిగులుతుంది?" అంది తాబేలు.

ఇంతలో ఒక నీటికాకి జామపండు కరుచుకుని తూర్పుకు పోతూ కనబడింది.

"కాకక్కా, తోటలు ఇటుంటే పండు అటెందుకు?"

"మాంత్రికుడి చిలుకకు! ఎండిన కొండ మీద పంజరం, చుట్టూ నిప్పులు కక్కే పాములు. నేను పైనుంచి పండు జారవిడుస్తాను. మొన్న నా రెక్కల తడి ఒక్క చుక్క దాని మీద రాలితే, మాంత్రికుడు మూడు రోజులు మూలుగుతూ పడుకున్నాడు."

పాముల్ని దాటి వాన వెళ్ళగలదు. కానీ వాన అటు రాదే! అలా ఆలోచిస్తూ ఎందుకయ్య ఊళ్ళోకి నడిచాడు. ప్రతి ఇంటికీ తూర్పున ఒక గుమ్మం, పడమట ఒక గుమ్మం. పడమటివన్నీ బిగించి ఉన్నాయి. కోట గుమ్మంలో దిగులుగా నీలవల్లి కనబడితే, తానెవరో చెప్పి, ఇళ్ళకు రెండు గుమ్మాలెందుకని ఆమెనూ అడిగాడు.

"ఇది అడిగినవారు మీరొక్కరే. మీ అన్నలు మాంత్రికుడెక్కడ అని తప్ప ఇంకేమీ అడగలేదు" అంది నీలవల్లి. "ఏడాదికోసారి గాలి తిరుగుతుంది. అప్పుడు వాన తూర్పున కురుస్తుంది. ఈ గుమ్మం మూసి ఆ గుమ్మం తెరుస్తాం. తెరిచిన రోజునే మా పెళ్ళిళ్ళు. మాంత్రికుణ్ణి అందాకా ఆగమన్నాను. మొన్నొచ్చినవాడికి మా గాలి సంగతేం తెలుసు? సరేనన్నాడు. రేపే ఆ రోజు." ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి.

ఎందుకయ్య కళ్ళు మాత్రం మెరిశాయి.

మర్నాడు పెళ్ళిపందిట్లో మాంత్రికుడికి వంగి దండం పెట్టాడు. "స్వామీ, తమకు తెలియనిది లేదట. మూడు సందేహాలు తీర్చాలి."

మాంత్రికుడు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. "అడగరా!"

"సముద్రం ఉప్పనెందుకు?"

మాంత్రికుడు చాంతాడంత సమాధానం చెప్పాడు.

"కొండకు ఒక పక్కనే వాన ఎందుకు?"

"అంతా నా మంత్రమహిమ!"

"మరి ఇళ్ళకు రెండు గుమ్మాలెందుకు స్వామీ?"

మాంత్రికుడు ఊరివైపు చూశాడు. జనం తూర్పు గుమ్మాలు మూస్తున్నారు, పడమటి గుమ్మాలు తెరుస్తున్నారు. పందిరి గుడ్డలు పడమటికి ఎగురుతున్నాయి. వాడి ముఖాన నెత్తుటి చుక్క లేదు.

"నా చిలుక!" అని లేచేలోపు కొండ అవతల ఉరిమింది. వానకు పాముల నిప్పు చల్లారింది. చిలుక నిలువునా తడిసి, ఒళ్ళు విదిల్చుకుంది. మాంత్రికుడి ప్రాణం దాని ఈకల్లోంచి కారిపోయింది, వాడు పందిట్లోనే కుప్పకూలాడు. పంజరం దానంతటదే తెరుచుకుంది, చిలుక హాయిగా జామతోటకు ఎగిరిపోయింది.

రాళ్ళు కదిలి అన్నలిద్దరూ ఆవులిస్తూ లేచారు. ఎందుకయ్య వాళ్ళను కావలించుకుని భోరున ఏడ్చాడు. అదే పందిట్లో నీలవల్లి ఎందుకయ్య మెడలో దండ వేసింది. ఇద్దరూ పడమటి గుమ్మంలోంచి లోపలికి నడిచి, ఆ దీవిని చాలాకాలం చల్లగా ఏలారు. వాళ్ళ ఏలుబడిలో పిల్లలు "ఎందుకు?" అంటే విసుక్కున్నవాళ్ళు లేరు.

మీరూ అడగండర్రా, గుమ్మం తెరిచే ఉంది.